మూడు ట్రెయిలర్ల వెనక, ఛానెల్ 40 మీద

దక్షిణ ఆస్ట్రేలియాలోని పోర్ట్ అగస్టా నుంచి ఆలిస్ స్ప్రింగ్స్‌కు స్టువర్ట్ హైవే మీద సుమారు 1,200 కిలోమీటర్లు. దాదాపు దారంతా రెండు లేన్లే, మధ్యలో డివైడర్ ఉండదు. ఊరు దాటగానే రోడ్ ట్రైన్లు మొదలయ్యాయి. ఒక్క ఇంజను బండి వెనక మూడు ట్రెయిలర్లు, పొడవు 53.5 మీటర్ల దాకా. నాలుగు ఆర్టీసీ బస్సులను ముక్కూ తోకా ఆనించి నిలబెట్టినా ఇంకా కాస్త మిగులుతుంది.

ఇంత పొడవు బండిని దాటడానికి ఎంత రోడ్డు కావాలో కారు ఎక్కేముందే లెక్క చేసుకున్నాం. దాటేముందు 50 మీటర్లు, దాటాక 50 మీటర్లు ఎడం, ట్రక్కు పొడవు 53.5, మన కారు మరో 5. మొత్తం సుమారు 158 మీటర్లు మనం ట్రక్కు కంటే ఎక్కువ పోవాలి. దక్షిణ ఆస్ట్రేలియాలో కారుకు వేగ పరిమితి గంటకు 110 కిలోమీటర్లు. ట్రక్కు 90లో పోతుంటే తేడా 20 మాత్రమే. దాటడానికి 28 సెకన్లు పడుతుంది, ఆ లోపు కారు 870 మీటర్లు పోతుంది. ఎదురు బండీ అంతే దూరం మీదికొస్తుంది. అంటే కిలోమీటరున్నర పైగా ఖాళీ రోడ్డు కనబడాలి. మధ్యాహ్నం ఎండమావిలో అంత దూరం చూడటం కష్టం, పల్లంలో దిగిన కారు అసలు కనబడదు.

అందుకే ముందున్న ట్రక్కు డ్రైవరునే అడగడానికి మాతో 5 వాట్ల యూహెచ్‌ఎఫ్ రేడియో, అంటే రెండువైపులా మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్టు. ఇక్కడి ట్రక్కు డ్రైవర్లు 477 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఛానెల్ 40 మీద మాట్లాడుకుంటారు. చేతి సెట్టు కారు లోపల పెడితే రేకు సిగ్నలును మింగేస్తుంది, యాంటెనా బయట ఉండాలి. ఛానెళ్లను ఒకదాని తర్వాత ఒకటి వెతికే స్కాన్ ఆపేయాలి, లేకపోతే వేరే ఛానెల్లో ముచ్చట వింటూ జవాబు పోగొట్టుకుంటాం. చాలామందిని మోసం చేసేది సీటీసీఎస్‌ఎస్ టోన్, అంటే అదే టోన్ పంపే సెట్ల మాటే వినిపించే అమరిక. అది ఆన్‌లో ఉంటే మన మాట వాళ్లకు వినబడుతుంది, వాళ్లది మాత్రం మనకు వినబడదు. ఛానెల్ 5, 35 అత్యవసరాలకే, వాటిని ముట్టుకోకూడదు.

గ్లెండాంబో దాటాక ఒక రోడ్ ట్రైన్ వెనక చేరాం. బాగా వెనకే ఆగాలి. దగ్గరకెళితే ముందు రోడ్డు మూసుకుపోతుంది, రాళ్లు ఎగిరి అద్దానికి తగులుతాయి. "ఉత్తరానికి పోతున్న రోడ్ ట్రైన్, మీ వెనక తెల్ల కారు, దాటొచ్చా?" అని అడిగితే, "ఆగండి, ఎదురుగా క్యారవాన్ వస్తోంది" అని జవాబు. అది పోయాక "ఇప్పుడు ఖాళీ" అన్నాడు. ఆ మాట సాయం మాత్రమే, కుడివైపు తొంగి చూసుకుని తేల్చుకోవాల్సింది మనమే. రెండు ట్రక్కులు వరసగా పోతుంటే ఎవరు జవాబిచ్చారో ముందు తేల్చుకోవాలి. పక్కనుంచి పోయేటప్పుడు గాలి లాగుతుంది, మనం ట్రక్కు ఇంజను ముందుకు రాగానే తోస్తుంది. స్టీరింగు గట్టిగా పట్టుకోవాలి. లోపలి అద్దంలో ట్రక్కు రెండు హెడ్‌లైట్లూ కనబడ్డాకే ఎడమకు రావాలి, వచ్చాక వేగం తగ్గించకూడదు.

అర్జెంటీనాలో 2015లో శాంసంగ్ ఒక నమూనా ట్రక్కు చూపించింది. ముందు కెమెరా, వెనక తలుపుల మీద నాలుగు తెరలు, ఎదురు రోడ్డు వెనకవాళ్లకు కనబడేలా. ఆలోచన మాకు ఎంతో నచ్చింది. కానీ ఇక్కడ మూడు ట్రెయిలర్లను విడదీసి వేరే బళ్లకు తగిలిస్తూనే ఉంటారు. చివర ఏది పడుతుందో తెలియదు కాబట్టి ప్రతిదానికీ తెర ఉండాలి. ఎర్ర దుమ్ము, ఎదురెండ సంగతి సరేసరి. పైగా చదునైన బొమ్మలో ఎదురు బండి ఎంత దూరంలో, ఎంత వేగంగా ఉందో కొలవడం కష్టం. క్యాబులో ఎత్తున కూర్చున్న మనిషి మాట ఆ లోటు తీరుస్తుంది. మన రోడ్ల మీద లారీ ఎడమ ఇండికేటర్ వేస్తే దాటమన్నట్టా, పక్కకు తిరుగుతున్నట్టా అన్న ఆ సందేహం రేడియోలో ఉండదు. తెలుగు రాష్ట్రాల రెండు లేన్ల రోడ్ల మీద లారీలకూ కార్లకూ ఇలాంటి ఉమ్మడి ఛానెల్ ఒకటి ఉండాలని మా గట్టి అభిప్రాయం.

ఆలిస్ స్ప్రింగ్స్ ఉన్న నార్తర్న్ టెరిటరీ సరిహద్దు దాటాక పరిమితి 130. ట్రక్కు 100లో పోతే అదే దాటడం 19 సెకన్లకు దిగుతుంది. కుల్గెరాలో పెట్రోలు పోయించుకుని, చీకటి పడితే కంగారూలు, పశువులు రోడ్డెక్కుతాయి కనుక సూర్యాస్తమయానికి ముందే ఆలిస్ స్ప్రింగ్స్ చేరాం.