ప్రొఫెసర్ గారు ట్రస్టు బోర్డులో చేరినప్పుడు

మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్లను స్వచ్ఛంద సంస్థలు బోర్డులోకి పిలవడం మామూలైంది. కంపెనీలకు సలహాలిచ్చిన అలవాటుతో చాలామంది మొదటి మీటింగులోనే వ్యూహం గురించి మాట్లాడతారు. ముందు అడగాల్సింది డబ్బు గురించి. బ్యాంకులో ఉన్నదాంట్లో దాత ఫలానా పనికని ఇచ్చిందెంత, సంస్థ తన అవసరానికి వాడుకోగలిగిందెంత? ఖాతాలో 40 లక్షలు కనిపించినా, 35 లక్షలు హాస్టల్ కట్టడానికి వచ్చినవైతే జీతాలకు మిగిలేది 5 లక్షలే. నెలకు లక్షన్నర ఖర్చుంటే నాలుగో నెల గడవదు. రెండూ కలిపి ఒకే అంకెగా చూపించే లెక్క బోర్డును మోసం చేస్తుంది.

విదేశీ విరాళమైతే ఇంకా జాగ్రత్త. విదేశీ విరాళాల నియంత్రణ చట్టానికి (FCRA) 2020లో చేసిన సవరణతో, ఆ విరాళంలో పాలనా ఖర్చులకు వాడుకోగలిగే పరిమితి 50 శాతం నుంచి 20కి తగ్గింది. ఆ డబ్బు మరో సంస్థకు బదిలీ చేయడం కుదరదు.

మన దగ్గర 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద, సొసైటీగా నమోదయ్యే సంస్థకు కనీసం ఏడుగురు సభ్యులు కావాలి. ఏడుగురూ బంధువులే అయితే ప్రశ్న అడిగేవాళ్లుండరు.

ఇక ప్రొఫెసర్ గారి సొంత కన్సల్టింగ్ సంస్థకే ట్రస్టు పని వచ్చే సందర్భం. ఫీజు తక్కువైనా సరే, సంబంధం ఏమిటో రాతపూర్వకంగా చెప్పాలి. చర్చ మొదలయ్యేముందే గది బయటికి వెళ్లాలి, ఓటు వేయకూడదు. మరో రెండు కొటేషన్లు ఫైల్లో ఉండాలి. మినిట్స్ (మీటింగులో ఏం జరిగిందో రాసిన రికార్డు) ముసాయిదా వారంలోపు అందరికీ చేరాలి. నెల ఆగితే ఎవరు బయటికి వెళ్లారో, ఎవరు కూర్చున్నారో ఎవరికీ గుర్తుండదు.