గునుగుపువ్వుకు పట్టిన నీడ

పోయిన బతుకమ్మ పండుగకు నల్లగొండలో మా మేనత్త ఇంటికి వెళ్లాను. హైదరాబాద్ నుంచి బస్సులో దాదాపు వంద కిలోమీటర్లు. నార్కట్‌పల్లి దగ్గర హైవే వదిలి లోపలికి తిరిగాక పత్తిచేల గట్ల మీద గునుగు, దాని పక్కనే తంగేడు పచ్చగా. కిటికీలోంచే ఫోన్ తీశాను. బస్సు కుదుపులకు ఒక్కటీ సరిగ్గా రాలేదు.

అత్తమ్మ వాళ్ల వీధి చివర ఒక ఖాళీ ప్లాటు ఉంది. ఇటుకలు, ఇసుక కుప్ప, వాటి మధ్య గునుగు, ఉత్తరేణి, గడ్డిచామంతి. ఇల్లు కట్టడం మొదలుపెడితే ఇవన్నీ పోతాయి. అందుకే మర్నాడు పది గంటలకల్లా అక్కడ మోకాళ్ల మీద కూర్చున్నాను. నలభై ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే గునుగు కంకులన్నీ సున్నం పూసినట్టున్నాయి. నా కంటికి కనిపించిన ఆ లేత గులాబీ రంగు ఏ ఫొటోలోనూ లేదు. చాలా బాధేసింది.

మధ్యాహ్నం పానగల్లు పోదామంది అత్తమ్మ. ఊరికి దగ్గరే, ఉదయ సముద్రం చెరువు పక్కన. ఛాయా సోమేశ్వరాలయంలో మూడు గర్భగుళ్లు, మధ్యలో ఒకటే మండపం. ఒక గర్భగుడిలో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ నిలువుగా పడి ఉంటుంది. సూర్యుడు ఎటు జరిగినా ఆ నీడ జరగదు. ఎండ నేరుగా లోపలికి రాదు. బయట పరుచుకున్న వెలుతురు స్తంభాల సందుల్లోంచి లోపలికి వస్తుంది, స్తంభం అడ్డుపడిన చోట నీడ నిలుస్తుంది. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు చూసిందే. కానీ ఈసారి నా చూపు నీడ మీద కాదు, దాని చుట్టూ ఉన్న వెలుతురు మీద పడింది. రాతి మీది ఉలి గాట్లు కూడా లెక్కపెట్టొచ్చు, అయినా ఎక్కడా కళ్లు చెదరవు. పొద్దున ప్లాటులో నాకు లేనిది ఇదే!

బయటికొచ్చి గుడి దారి పక్కన గునుగు మొక్క దగ్గర ఆగాను. నా తెల్ల చున్నీ తీసి అత్తమ్మ చేతికిచ్చి, పువ్వు మీద పందిరిలా పట్టుకోమన్నాను.

"పువ్వుకు గూడ ఎండదెబ్బ తగుల్తదా బిడ్డా?"

"ఫొటోకు తగుల్తది అత్తమ్మా. కొంచెం కిందికి పట్టు."

చున్నీలోంచి వడగట్టిన వెలుతురు కంకి మీద పడగానే రంగు తిరిగొచ్చింది. కొనన ఇంకా విచ్చుకోని మొగ్గలు ముదురు గులాబీ, కిందికి వచ్చేకొద్దీ వెలిసి వెండి తెలుపు. రేకులు పలచని కాగితంలా ఉన్నాయి, ఒక్కోదాని మీద సన్నని గీత. తెలుపు తేలిపోకుండా ఫోన్‌లో వెలుతురు కాస్త తగ్గించాను. గాలి ఆగే దాకా ఊపిరి బిగబట్టి తీశాను. అరగంటలో ఆరే ఫొటోలు, ఆరూ ఉంచుకున్నాను.

పక్కనే జిల్లేడు. ఆకు కింద నలుపు, తెలుపు, పసుపు పట్టీల గొంగళిపురుగు, వీపు మీద మూడు జతల నల్లని కొమ్ముల్లాంటివి. అది పెరిగి నారింజ రంగు సీతాకోకచిలుక అవుతుంది. పాలు కారే జిల్లేడు ఆకును పశువులు మామూలుగా ముట్టవని మనకు తెలుసు, ఈ పురుగుకు మాత్రం అదే తిండి. అత్తమ్మ ఈసారి అడగకుండానే చున్నీ పట్టింది.

సాయంత్రం ఇంట్లో వాకిట్లో గునుగు కట్టలు పేర్చి, రంగు నీళ్లలో కొనలు ముంచుతోంది. ఒక కట్ట దగ్గర చేయి ఆపి నా వైపు చూసింది.

"ఇది ముంచాల్నా, ఇట్లనే ఉంచాల్నా?"

ఇట్లనే ఉంచమన్నాను. గడప మీద నీడపట్టున పెట్టి ఫోన్ తీశాను.