పీచ్‌ట్రీ వీధిలో రెండు హోటళ్లు

2016 డిసెంబరులో అమెరికాలో అట్లాంటా శివారు ఆల్ఫరెట్టాలో ఉండే మా అక్కావాళ్ల దగ్గరికి వెళ్లాను. అట్లాంటా డౌన్‌టౌన్‌లో ఏం చూద్దామంటే బావగారు క్షణం కూడా ఆలోచించకుండా "ఆ గుండ్రటి అద్దాల హోటల్ పైకెక్కుదాం" అన్నారు. నాకేమో ఎత్తంటే భయం. ఐదో అంతస్తు బాల్కనీలో బట్టలు ఆరేయాలన్నా గోడకి ఆనుకుని నడిచే రకం. ఆ మాట పైకి చెప్పలేదు. చెప్తే అక్క ఇంకో పదేళ్లు ఏడిపిస్తుంది.

నార్త్ స్ప్రింగ్స్‌లో కారు పెట్టి మార్టా రైలెక్కి పీచ్‌ట్రీ సెంటర్‌లో దిగాం. ఆ స్టేషన్ భూమికి 120 అడుగుల లోతున, గట్టి రాతిని తొలిచి కట్టింది. తొలిచిన రాయికి పైపూత కూడా వేయకుండా అలాగే వదిలేశారు, గుహలో రైలు దిగినట్టుంటుంది. పైకి వెళ్లే ఎస్కలేటర్ ఎంత పొడుగంటే, అది వీధిలోకి చేర్చేలోపు అక్క మా పెద్దమ్మ కూతురి పెళ్లి సంబంధం ఎలా తప్పిపోయిందో మొదట్నుంచీ చివరిదాకా చెప్పేసింది.

హోటల్ పేరు వెస్టిన్ పీచ్‌ట్రీ ప్లాజా. 73 అంతస్తులు, 723 అడుగులు. గీసింది జాన్ పోర్ట్‌మన్. ఈయన అట్లాంటా డౌన్‌టౌన్‌ని దాదాపు తన సొంత బొమ్మలపెట్టెలా సర్దుకున్నాడు. ఆర్కిటెక్టూ తనే, డబ్బు కూడగట్టి కట్టించే డెవలపరూ తనే కాబట్టి అడ్డు చెప్పేవాళ్లు పెద్దగా ఉండేవారు కాదేమో. 1967లో దగ్గర్లోనే హయత్ రీజెన్సీ కట్టి, లోపల 22 అంతస్తుల ఎత్తు ఖాళీ వదిలి, ఆ ఖాళీలో అద్దాల లిఫ్టులు తిప్పాడు. ఆ తర్వాత అందరూ అలాంటివే కట్టడం మొదలుపెట్టారు. 1976లో ఈ వెస్టిన్ తెరిచినప్పుడు ప్రపంచంలోకెల్లా ఎత్తైన హోటల్ ఇదే. ఆ గొప్ప ఎన్నాళ్లో నిలబడలేదు. 1977లో డెట్రాయిట్‌లో ఇంకోటి నాలుగడుగులు ఎక్కువతో లేచింది. అదీ పోర్ట్‌మన్‌దే!

ఈ స్థలానికి అంతకుముందే ఓ చరిత్ర ఉంది. 1870 నుంచి 1921 దాకా ఇక్కడ జార్జియా గవర్నర్ బంగళా ఉండేది, తర్వాత 1924లో హెన్రీ గ్రేడీ అనే హోటల్ వచ్చింది, 1972లో దాన్నీ పడగొట్టారు. దూరం నుంచి చూస్తే ఈ అద్దాల స్తంభం బ్రహ్మాండంగా ఉంటుంది కానీ దగ్గరికెళ్తే నాకు నచ్చలేదు. వీధి వైపు కాంక్రీటు గోడే గోడ, ఓ కిటికీ లేదు, ఓ కొట్టు లేదు. పోర్ట్‌మన్ భవనాల మధ్య పైనుంచి పైకే నడిచే వంతెనలున్నాయి, అందుకేనేమో మధ్యాహ్నం పూట కూడా కింద ఫుట్‌పాత్‌లు బోసిగా ఉన్నాయి. మనుషుల్ని రోడ్డు మీదికి రానివ్వని ఊరు ఏం ఊరండీ.

పైకెళ్లే లిఫ్టు భవనం లోపల కాదు, బయటికి అతికించిన గొట్టంలో పోతుంది. దానికీ అద్దాలే. తలుపు మూసుకోగానే నేను బావగారి భుజం వెనక నిలబడి తలుపు సందు కేసి చూస్తూ ఉండిపోయాను. "ఒరేయ్, వెనక్కి తిరుగు, స్టోన్ మౌంటెన్ కనిపిస్తోంది" అని అక్క పిలుస్తూనే ఉంది. చెవులు దిబ్బళ్లు వేశాక ఒక్కసారి తిరిగాను. హైవే మీద కార్లు చీమలబారులా ఉన్నాయి, చాలు అనుకుని మళ్లీ తలుపు వైపు తిరిగిపోయాను.

పైన కాస్త నయం, నేల గట్టిగా ఉంది కదా. పడమటి వైపు జార్జియా డోమ్, దాని పక్కనే దాన్ని మింగేయడానికన్నట్టు సగం కట్టిన కొత్త స్టేడియం. (మరుసటి ఏడాది నవంబరులో ఆ డోమ్‌ని నిజంగానే పేల్చేశారు.) అక్కడ నిలబడి బావగారు 2008 టోర్నడో కథ చెప్పారు. మార్చి 14 రాత్రి, ఆ డోమ్‌లో అలబామా, మిసిసిపీ స్టేట్ జట్ల బాస్కెట్‌బాల్ మ్యాచ్. అయిపోయినట్టే అనుకుంటుండగా ఆఖరి క్షణంలో మైకల్ రైలీ అనే కుర్రాడు దూరం నుంచి వేసిన బంతి బుట్టలో పడి స్కోరు సమమైంది, అదనపు సమయం ఆడాల్సొచ్చింది. టోర్నడో వచ్చింది సరిగ్గా అప్పుడే. ఆ బంతి పడకపోతే వేలమంది అప్పటికి రోడ్ల మీద ఉండేవాళ్లు. ఈ హోటల్‌కైతే వందల అద్దాలు పగిలి కింద వీధుల్లో రాలాయి, చివరికి పగలనివి కూడా కలిపి ఆరు వేలకు పైగా అద్దాలన్నీ మార్చాల్సొచ్చింది. అప్పటిదాకా అద్దం మీద చెయ్యి ఆనించి నిలబడ్డవాణ్ని మెల్లిగా తీసేశాను.

కిందికొచ్చి కాఫీ కోసం నడుస్తుంటే, ఒక వీధి అవతల మూలమీద 15 అంతస్తుల సన్నటి ఇటుక భవనం, దాని ముందు స్తంభానికి ఓ ఫలకం. ఎవరూ ఆగడం లేదు. ఫలకాలు కనిపిస్తే చదవకుండా ఉండలేను కాబట్టి ఆగాను.

ఇప్పుడది ఎల్లిస్ హోటల్. 1913లో కట్టినప్పటి పేరు వైన్‌కాఫ్ హోటల్. మంటలు అంటుకోని భవనం అని ప్రచారం చేసుకునేవారు. 1946 డిసెంబరు 7 తెల్లవారుజామున కింది అంతస్తుల్లో ఒక నడవాలో నిప్పు రాజుకుంది. దిగడానికి మధ్యలో ఉన్న మెట్లు ఒక్కటే దారి, పొగా మంటా కూడా ఆ దారినే పైకొచ్చాయి. అలారం లేదు, స్ప్రింక్లర్లు లేవు, బయట ఇనుప మెట్లు లేవు, ఫైరింజన్ల నిచ్చెనలు పై అంతస్తులకు అందలేదు. కొందరు వెనక సందు మీదుగా పక్క భవనానికి బల్లలు, నిచ్చెనలు వేసుకుని దాటారు. 119 మంది పోయారు. హోటల్ అగ్నిప్రమాదాల్లో అమెరికాలో ఇంతకు మించింది ఇప్పటికీ లేదు. వాళ్లలో 30 మంది హైస్కూలు పిల్లలు, ఉత్తుత్తి శాసనసభ ఆడటానికి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. హోటల్ కట్టించిన వైన్‌కాఫ్ గారూ ఆయన భార్యా అక్కడే ఉంటూ అక్కడే పోయారు.

ప్రచారం మరీ అబద్ధమూ కాదు, భవనం నిలబడే ఉంది, నేను దాన్ని తలెత్తి చూస్తూనే ఉన్నాను. కాలింది లోపలి తివాచీలూ, గోడలకంటించిన గుడ్డా, తలుపులూ. దాని తర్వాతే దేశమంతా హోటళ్ల భద్రతా నిబంధనలు బిగించారు. పై కిటికీలు లెక్కపెట్టడం మొదలుపెట్టి ఎనిమిదో వరస దగ్గర ఆపేశాను. అక్క కాఫీ చల్లారిపోతోందని కేకేసింది.

రెండు రోజుల తర్వాత సవానా వెళ్లి ఓ మోటెల్లో దిగాం. సామాన్లు లోపల పెట్టగానే తలుపు వెనక అంటించిన, మంటలొస్తే బయటికెళ్లే దారి చూపించే మ్యాపు చదివాను. ఇన్నేళ్లలో అది చదవడం అదే మొదటిసారి. తర్వాత నడవాలోకి వెళ్లి మెట్ల దాకా తలుపులు లెక్కపెట్టుకుంటూ నడిచాను.

"ఏం పోగొట్టుకున్నావురా?" అంది అక్క.

"ఏం లేదక్కా. ఎడమ పక్కకి నాలుగో తలుపు."