లాకీషు ఊసే ఎత్తరేం?

రెండో రాజుల గ్రంథం 19వ అధ్యాయం మీద వాక్యం మా రాజోలు వైపు వినని వాళ్లుండరు. అష్షూరు రాజు సన్హెరీబు యెరూషలేము మీదికి రావడం, యూదా రాజు హిజ్కియా ప్రార్థన, ఒక్క రాత్రిలో అష్షూరు దండులో 1,85,000 మంది చావడం. అయ్యగారు అక్కడ గొంతు పెంచితే వెనక కునికేవాళ్లు కూడా ఆమెన్ అంటారు. నా మనసు మాత్రం దాని ముందు అధ్యాయం దాటదు. అందులో హిజ్కియా తప్పైందని సన్హెరీబుకి కబురంపి, మందిరం తలుపుల బంగారం కూడా ఒలిచిచ్చాడు. ఆ కబురు వెళ్లింది యూదాలోని లాకీషు అనే కోట ఊరికి. అక్కడ సన్హెరీబు ఏం చేస్తున్నాడో బైబిలు వివరంగా చెప్పదు.

ఆయన రాజనగరు గోడలే చెప్తాయి. పందొమ్మిదో శతాబ్దం నడుమ లేయర్డ్ అనే ఇంగ్లీషాయన అష్షూరు రాజధాని నీనెవెలో ఆ రాజనగరు తవ్వితే, ఒక గది చుట్టూ లాకీషు ముట్టడే చెక్కి ఉంది. ఆ పలకలు ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. ఆ ముట్టడి క్రీ.పూ. 701 నాటి మాట.

ఏటిగట్ల పనులు చేసి బతికినోణ్ణి కాబట్టి నా కళ్లు ముందు ఆ పలకల్లో అష్షూరువాళ్లు పోసిన వాలుగట్టు మీదే పడ్డాయి. కోటగోడ దాకా రాళ్లు పోసి, పైన గట్టిగా గచ్చు చేసి, దాని మీదుగా గోడలు కుమ్మే బండ్లు ఎక్కించారు. ఆ రాళ్ల గుట్ట ఇప్పటికీ అక్కడుంది. ఊరివాళ్లేం తక్కువ తినలేదు, గోడ లోపల పోటీగా ఇంకో గట్టు పోశారు. పైనుంచి మండే కాగడాలు విసురుతుంటే, కింద బండిలో సిపాయి పొడుగు గరిటెతో నీళ్లు పోసి మంట ఆర్పుతున్నాడు. అంత పనితనం ఆ చెక్కినోడిది!

పక్క పలకలో ఎడ్లబండి, మూటల మీద ఆడవాళ్లు, పిల్లలు. 86 వరదకి మా లంకల్లోంచి బళ్లు కదిలినట్టే ఉంది. మావాళ్లు నీళ్లు తీశాక తిరిగొచ్చారు. వీళ్లది చెరలోకి పోయే బండి.

యూదాలో 46 కోటలు పట్టానని, 2,00,150 మందిని తోలుకొచ్చానని సన్హెరీబు రాయించుకున్నాడు. యెరూషలేము పట్టానని మాత్రం ఎక్కడా రాయించలేదు. అది దక్కలేదు గనకే గదంతా లాకీషుతో నింపాడని నా అనుమానం.

ఊరు మళ్లీ లేచింది. ఈసారి బబులోను రాజు నెబుకద్నెజరు వచ్చాడు. చివరికి మిగిలిన కోటలు లాకీషు, అజేకా అని యిర్మీయా 34లో ఉంది. 1935లో స్టార్కీ అనే ఆయన లాకీషులో తవ్వినప్పుడు, కాలిపోయిన గుమ్మం గదిలో ఆ రోజుల్లో సిరాతో ఉత్తరాలు రాసిన కుండపెంకులు దొరికాయి. ‘లాకీషు సైగల కోసం చూస్తున్నాం, అజేకా కనబడటం లేదు’ అని ఒకదాంట్లో ఉంది. అజేకా పడిపోయిందనే చాలామంది అర్థం చెప్తారు. కొండ అడ్డమొచ్చి ఉండొచ్చని కూడా నాకనిపిస్తుంది.

నాకు బాగా నచ్చిన పెంకు మాత్రం హోషయా అనే చిన్న ఉద్యోగిది. పైఅధికారి ఇతనికి చదవడం రాదన్నట్టు రాశాడట. దేశం మునుగుతోంది, ఈయనకి ఆ మాటే గుచ్చుకుంది. యెహోవా తోడు, నాకు ఉత్తరం చదివిపెట్టడానికి ఎవరూ ఎన్నడూ రాలేదని ఒట్టేసి మరీ జవాబు రాశాడు.