బ్రేస్ వెతకడం మానేసి మనిషిని వెతికాను

మా పాప వెన్నులో వంకరను మొదట పట్టుకున్నది మా వీధి చివరి దర్జీ. పరికిణీ మీది జాకెట్టు రెండోసారి సరిచేస్తూ, "కుట్టులో తప్పు లేదమ్మా, కుడి భుజమే ఎత్తుగా ఉంది, ఎవరికైనా చూపించండి" అన్నాడు. ఇంటికొచ్చి పాపను ముందుకు వంగమన్నాను. కుడివైపు పక్కటెముకలు బోర్లించిన చేటలా పైకి లేచాయి. రోజూ జడ వేసే నా కంటికి అది కనపడకపోవడం ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

ఎక్స్‌రేలో వంపు 31 డిగ్రీలు. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "పాప పెద్దమనిషి అయిందా?" ఇంకా కాలేదు, పన్నెండేళ్లు. అంటే ఎదుగుదల చాలా మిగిలి ఉంది, దానితోపాటు వంపూ పెరగవచ్చు. పది డిగ్రీలు దాటితే స్కోలియోసిస్ అంటారు. ఎదిగే పిల్లల్లో 25 నుంచి 40 మధ్య ఉంటే బ్రేస్, అంటే ఒంటిని పట్టి ఉంచే గట్టి తొడుగు, వేస్తారు. 45, 50 దాకా వెళితే ఆపరేషన్ మాట వస్తుంది. బ్రేస్ చేసే పని ముఖ్యంగా వంపును పెరగనివ్వకపోవడమే. బంధువులు మాత్రం బడిసంచి మీద పడ్డారు. సంచి బరువుకు ఇది రాదని ఎంత చెప్పినా వినలేదు. "గూని" అన్న మాట ఇంట్లో ఎత్తవద్దని మా అత్తగారు గట్టిగా చెప్పారు, అదొక్కటి మేలు.

చీటీ మీద "బ్రేస్" అని మాత్రమే రాసి ఉంది. సర్జికల్ షాపులో భుజాలను వెనక్కి లాగే ఎలాస్టిక్ బెల్టు అంటగట్టారు. కూర్చునే తీరు కోసం అమ్మే ఆ బెల్టు ఇలాంటి వంపును ఆపలేదు. ఆ తర్వాత ఒకాయన టేపుతో నడుము, ఛాతీ కొలిచి, పదిహేను రోజుల్లో ప్లాస్టిక్ తొడుగు తెచ్చాడు. ఇరవై రెండు వేలు. చంక కింద ఒరుసుకుపోయి పుండు పడితే "అలవాటవుతుంది" అన్నాడు. ఇది వేసుకున్నప్పుడు లోపల వంపు ఎంత తగ్గిందని అడిగితే, "వేసుకుంటే అదే తగ్గుతుంది" అన్నాడు.

తర్వాత రెండు వారాలు బ్రేస్ రకాల పేర్ల వెంట పడ్డాను: బోస్టన్, షెనో, మిల్వాకీ, రాత్రిపూట మాత్రమే వేసేవి. రెండో అభిప్రాయం కోసం వెళ్లిన వెన్నెముక సర్జన్ ఆ కాగితాలన్నీ పక్కకు నెట్టి, "చేసేవాళ్లు ఎవరో చూడండమ్మా, పేరు తర్వాత" అన్నారు. మన దేశంలో ఈ పని ప్రోస్తెటిస్ట్, ఆర్థోటిస్టులది, అంటే కృత్రిమ అవయవాలు, బ్రేస్‌లు తయారుచేసే నిపుణులది. వాళ్లు 1992 చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నమోదు సంఖ్య అడగడం నా హక్కని నాకు తెలియనే తెలియదు.

హైదరాబాద్‌లో ఇద్దరిని కలిశాను. ఒకాయన వెన్నును పూర్తిగా నిటారుగా చేసి ఇస్తానన్నాడు. లేచి వచ్చేశాను. రెండో ఆవిడ ధర చెప్పకుండా ముందు ఎక్స్‌రే కిటికీ వెలుగుకు పట్టి చాలాసేపు చూసింది. పిల్లల వెన్ను బ్రేస్‌లు నెలకు ఎన్ని చేస్తారు, బ్రేస్‌తో ఎక్స్‌రే తీయిస్తారా, పాప ఎదిగితే సరిచేయడానికి మళ్లీ డబ్బు తీసుకుంటారా అని అడిగాను. దేనికీ తడుముకోలేదు.

ఆవిడ బ్రేస్ కోసం పాప ఒంటి అచ్చు తీసిన రోజు మరిచిపోలేను. పలుచని బనియను మీద చెరగని పెన్సిలుతో తుంటి ఎముకలు, పక్కటెముకలు గుర్తు పెట్టి, తడి ప్లాస్టర్ పట్టీలు చుట్టింది. "వేడెక్కుతోంది" అని పాప నవ్వింది. "కదలకు తల్లీ, కాసేపే" అంటూ ఆవిడ రెండు అరచేతులతో పక్కటెముకల దగ్గర నొక్కిపట్టి, ప్లాస్టర్ బిగిసేదాకా అలాగే నిలబడింది. అసలు దిద్దుబాటు ఆ అరచేతుల్లోనే ఉందని నాకు అప్పుడు అర్థమైంది.

బ్రేస్ వచ్చాక పట్టీల మీద మార్కరుతో గీత గీసి, ఇక్కడిదాకా లాగాలంది. తీశాక ఎర్రదనం అరగంటలో పోతే ఫరవాలేదు, పోకపోతే ఫోన్ చేయమంది. కొన్ని వారాల తర్వాత బ్రేస్‌తోనే ఎక్స్‌రే తీయించారు. 16 డిగ్రీలు. దాదాపు సగం. టేపుతో కొలిచినాయన దగ్గర నాకు దొరకని జవాబు అదే.

రోజుకు పద్దెనిమిది గంటలు వేయమన్నారు. 2013లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో బ్రేస్ లోపల వేడిని పసిగట్టే పరికరం పెట్టి గంటలు లెక్కించారు. సగటున పదమూడు గంటలు దాటినవాళ్లలో తొంభై శాతానికి పైగా ఆపరేషన్ అంచుకు వెళ్లలేదు. పిల్లల మాట నమ్మకుండా పరికరం పెట్టినవాళ్లు తల్లులే అయి ఉంటారు! విజయవాడ మే నెలలో మాత్రం ఆ గంటలు పాప ఒక్కతే మోసింది. బనియను తిరగేసి తొడగడం, కుట్లు చర్మానికి తగలకుండా. రోజుకు మూడు బనియన్లు. బడి నుంచి వచ్చి గంటసేపు పక్కింటి పిల్లలతో షటిల్, అప్పుడు మాత్రం బ్రేస్ మంచం మీద.

ఆరు నెలలకు, ముందురోజే బ్రేస్ తీసేసి తీయించిన ఎక్స్‌రేలో 29 వచ్చింది. అయిదు డిగ్రీల లోపు తేడా కొలతలోదే కావచ్చని డాక్టరు చెప్పారు, కాబట్టి తగ్గిందని నేను ఎవరికీ చెప్పడం లేదు. పాప ఈలోగా నాలుగు సెంటీమీటర్లు పొడుగైంది. తుంటి దగ్గర బ్రేస్ బిగుస్తోంది. వచ్చే శనివారం మళ్లీ అచ్చుకు వెళ్తున్నాం.