మధ్యలో ఆ కుట్టు

పదకొండున్నర అయింది, నిద్ర పట్టడం లేదు. ఆ సీటు గురించే.

సాయంత్రం మా పాత అంబాసిడర్ కారు సీటు కొత్తగా కుట్టించుకుని, చెన్నైలో కార్ల సామాన్ల దుకాణాలుండే జనరల్ ప్యాటర్స్ రోడ్డు నుంచి ఇంటికొచ్చింది. రెక్సిన్ నాన్న అడిగిన ముదురు మెరూన్ రంగే. కానీ ముందు సీటుకి నట్టనడుమ నిలువుగా కుట్టు వేసి, దాని మీద లావుపాటి పైపింగ్ (తాడులా ఉబ్బెత్తుగా ఉండే పట్టీ) పెట్టి, ఒక్క సీటుని రెండు సీట్లలా చేసేశాడు ఆ కుట్టే కుర్రాడు. "సాదాగా, ఒకే ముక్కగా కావాలి" అని రెండుసార్లు చెప్పాను. కాగితం మీద బొమ్మ గీసి కూడా ఇచ్చాను. "ఇప్పుడందరూ ఇలాగే వేయించుకుంటున్నారు మేడమ్" అంటాడు! అందరి సంగతి నాకెందుకు?

అందం మాట అలా ఉంచండి. కుట్టు ఉన్నచోటల్లా సూది కన్నాలే. నవంబరు వానల్లో తడిబట్టలతో కూర్చుంటే నీళ్లు వాటిలోంచే ఫోములోకి దిగుతాయి. పైన తుడిస్తే రెక్సిన్ ఆరుతుంది, లోపలి ఫోము ఓ పట్టాన ఆరదు. ముందు వాసన, తర్వాత స్ప్రింగులకు తుప్పు. అందుకే నాన్న సీటు మీద ఏనాడూ నీళ్లు పోయనివ్వలేదు. గుడ్డని సబ్బునీళ్లలో ముంచి, గట్టిగా పిండి తుడవడమే.

చిన్నప్పుడు ముందు సీటులో ఆ నడిమి చోటు నాది. గేరు స్టీరింగు దగ్గరే ఉండేది కాబట్టి కాళ్లకు ఏదీ అడ్డం రాదు. అటు నాన్న, ఇటు అమ్మ. తిరుపతి వెళ్లేటప్పుడు ఊత్తుకోట దాటకముందే నాన్న మీదికి ఒరిగిపోయేదాన్ని. ఎండాకాలం రెక్సిన్ తొడలకు అంటుకుపోయి, లేస్తే చర్రుమనేది. అమ్మ తువ్వాలు పరిచేది. అది మడతలు పడి వీపు కిందికి చేరేది, మళ్లీ సర్దేది. మలుపు వస్తే ముగ్గురం కలిసి ఒక పక్కకు జారేవాళ్లం. అమ్మ ఒక చేత్తో తలుపు, ఒక చేత్తో నన్ను పట్టుకునేది.

ఇంత రాశాక ఒకటి తోస్తోంది. ఇప్పుడా మధ్యలో కూర్చునేదెవరు? అక్కడ బెల్టు లేదు, బుజ్జిదాన్ని నేనే కూర్చోనివ్వను. సీటు రెండుగా విడిపోయాక పడిన పల్లం నాన్న నడుముకి ఆసరాగానే ఉంటుంది, మలుపుల్లో జారరు. ఈ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయింది, కుట్టిన కుర్రాడికి పాత సీటు సంగతి తెలియకపోవచ్చు. నాన్న కూడా కూర్చుని చూసి "బానే ఉందమ్మా, వదిలెయ్" అన్నారు.

వదిలేద్దామనే అనుకున్నాను. ఇందాక చెత్త పడేయడానికి కిందికెళ్లి, కారు తలుపు తీసి మధ్యలో కూర్చున్నాను. పైపింగ్ ఒత్తుకుంది.

సోమవారం మళ్లీ తీసుకెళ్తాను. కుట్టు విప్పితే కన్నాలు మిగులుతాయి, కాబట్టి రెక్సిన్ కొత్త ముక్కే వేయించాలి.