క్యాలెండర్ గడిలో సున్ని

శనివారం. తెల్లవారకముందు నుంచే ముసురు.

అలారం మోగకముందే ఐదున్నరకి మెలకువ వచ్చింది. శని, ఆది, మంగళవారాల్లో పొద్దుటి వాకింగ్ నాది. కిందికి దిగేసరికి పిన్నిగారి గుమ్మంలో సున్ని తన పట్టీ నోట కరుచుకుని నిలబడి ఉంది. సున్నుండ రంగు ల్యాబ్రడార్, అందుకే ఆ పేరు. ఏడేళ్లు. అది పిన్నిగారి కుక్క. ఈ మాట మొదట్లో నాకు నేను చాలాసార్లు చెప్పుకోవాల్సి వచ్చింది.

మార్చిలో పిన్నిగారికి మోకాలి ఆపరేషన్ అయింది. బాబాయిగారు లేరు, అబ్బాయి బెంగళూరులో ఉంటాడు. "దీన్ని ఎవరికైనా ఇచ్చేద్దాం అంటున్నాడమ్మా వాడు" అని చెబుతూ ఆవిడ కళ్లు తుడుచుకున్నారు. నాకేమో కుక్కంటే ప్రాణం. కానీ మా ఇంటి ఓనరు కుక్కను పెంచకూడదని అద్దెకిచ్చిన రోజే తేల్చి చెప్పేశారు. "పొద్దున్న నేను తిప్పుతాను పిన్నిగారూ" అన్నాను. వారం తిరిగేసరికి మూడో అంతస్తు పిల్లాడు సాయంత్రాలు తనకు కావాలన్నాడు. ఎనిమిదో తరగతి వాడు, సున్ని ఒక్కసారి లాగితే ఆగలేడు కాబట్టి వాళ్ల నాన్న కూడా వెళతారు. మిగతా పొద్దులు వాచ్‌మన్ భార్య చూసుకుంటుంది.

ఈ రోజు తార్నాక వీధులన్నీ తడిసి ఉన్నాయి. వాన పడ్డాక నేల వాసన ఎక్కువ కాబోలు, ప్రతి గోడ దగ్గరా ఆగింది. నేను ఆగనిస్తాను. ఆఫీసుకు వెళ్లే మంగళవారం నాడు తొందర పెడతాను గానీ శనివారం దాని ఇష్టం. నాతో వాసనలు చూసుకుంటూ నడిచే సున్ని ఆ పిల్లాడితో పరుగులు తీస్తుందట. పిన్నిగారు చేతికర్రతో గేటు దాకా వచ్చినప్పుడు మాత్రం ఆవిడ అడుగుకి అడుగు కలుపుతుంది, పట్టీ బిగుసుకోనివ్వదు. మా ముగ్గురికీ మూడు రకాలుగా నడవాలని దానికి ఎవరూ నేర్పలేదు. మొన్నటిదాకా నాకు తెలిసిన సున్నే అసలు సున్ని అనుకునేదాన్ని.

ఇంటికొచ్చాక పాత తువ్వాలుతో కాళ్లు తుడుస్తుంటే కుడి చెవి లోపలి మడతలో పిడుదు కనిపించింది. వానాకాలంలో ఇదే భయం. పిడుదు కుట్టి జ్వరం పట్టుకుంటే కుక్క తిండి మానేస్తుంది, రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతాయి, ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. చెవులు, వేళ్ల సందులు, తోక కింద రోజూ చూడమని డాక్టరుగారు చెప్పారు. చర్మానికి ఆనించి పట్టకారుతో పట్టుకుని, మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగాను. సున్ని కదల్లేదు. పిన్నిగారు దాని గడ్డం పట్టుకుని "అయిపోయింది తల్లీ, అయిపోయింది" అంటూనే ఉన్నారు.

వెంటనే క్యాలెండర్ దగ్గరికి వెళ్లి ఈ రోజు గడిలో రాశాను: "ఉ. 50 ని. కుడి చెవి పిడుదు. తీశాం." వంటింటి గోడ మీది ఆ క్యాలెండర్‌లో పిన్నిగారు ఎప్పటి నుంచో పాల లెక్క రాసుకునేవారు. ఇప్పుడు పాల లెక్క పక్కనే సున్ని లెక్క. ఇది జూన్‌లో మొదలైంది. అప్పుడు టీకా కోసం తీసుకెళితే బరువు 33 కిలోలు చూపించింది. ఆపరేషన్‌కు ముందు 29. నేను వాకింగ్ అవగానే గుడ్డు పెడుతున్నాను, పిన్నిగారు పెరుగన్నం, వాచ్‌మన్ భార్య చపాతీ, పిల్లాడు బిస్కెట్లు. ఒకరు పెట్టింది ఇంకొకరికి తెలియదు. సున్ని ప్రతిసారీ పొద్దుటి నుంచి ఏమీ తిననట్టే చూస్తుంది. డాక్టరుగారు కోప్పడలేదు. ల్యాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతు కుక్కలకు ఒక జన్యువులో తేడా ఉందని, దానివల్ల వాటికి ఆకలి ఎక్కువని 2016లో కేంబ్రిడ్జి పరిశోధకులు కనిపెట్టారని చెప్పారు. "దానికి చాలు అనిపించదు, మీరే చాలు అనాలి" అన్నారు. నలుగురం దాని మీద ప్రేమతోనే పెట్టాం. దాని కీళ్ల మీద నాలుగు కిలోలు ఎక్కించాం. తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటి నుంచి ఏం పెట్టాలన్నది పిన్నిగారి మాటే. ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్, ఉల్లి, వెల్లుల్లి వద్దు. మన వంటల్లో ఉల్లిపాయ పడనిది ఏముంది గనుక, అందుకని ఎవరింటి కూరా పెట్టకూడదు. ఇప్పుడు 30 కిలోల 400 గ్రాములు.

ఈ మధ్యాహ్నం పిన్నిగారు విజయవాడ వెళ్లారు, తమ్ముడి మనవరాలి బారసాలకి. ఆపరేషన్ తర్వాత మొదటి ప్రయాణం. రెండు రాత్రులు. దాన్ని నా ఇంటికి తెచ్చుకోవడానికి లేదు కాబట్టి నేనే దుప్పటి పట్టుకుని పిన్నిగారింటికి వచ్చాను. ఆటో ఎక్కుతూ కూడా "అమ్మడూ, ఉరిమితే బల్ల కిందికి దూరుతుంది, బయటికి లాగకు" అని చెప్పారు.

నిజం రాయాలంటే, ఈ రెండు రాత్రుల కోసం వారం నుంచి ఎదురు చూశాను. సున్ని పక్కన పడుకుంటుందనీ, నిద్రలో దాని ఊపిరి వినబడుతుందనీ అనుకున్నాను. సాయంత్రం పిల్లాడు తిప్పి తీసుకొచ్చి, వెళుతూ "అక్కా, రాత్రి ఏడిస్తే నన్ను పిలవండి" అన్నాడు. సున్ని ఏడవలేదు. తిని, నీళ్లు తాగి, వెళ్లి వీధి తలుపుకి ఆనుకుని పడుకుంది. పిలిస్తే తోక ఆడించింది కానీ లేవలేదు.

తొమ్మిదింటికి పిన్నిగారు ఫోన్ చేస్తే స్పీకర్‌లో పెట్టాను. ఆ గొంతు వినగానే లేచి ఫోన్ చుట్టూ తిరిగింది, వెనక్కి వెళ్లి తలుపు సందులో వాసన చూసింది. "తిన్నదా?" అంటే తిన్నది అన్నాను. "తలుపు దగ్గరే ఉందా?" అన్నారు. ఉందన్నాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు.

ఇప్పుడు పదిన్నర. క్యాలెండర్‌లో "రా. తిన్నది. ఉరుములు లేవు" అని రాసి, గదిలో పరిచిన చాప, దుప్పటి తీసుకొచ్చి వీధి తలుపు దగ్గర వేసుకున్నాను.